దక్షిణ యూటా మట్టి రోడ్లు: ఏ దారి ఎవరికి, ఏ రోజున

లాస్ వేగస్‌లో కారు అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కులూ, పేజ్ అనే ఊరూ చుట్టి వచ్చే యాత్రలో చక్రం తారు రోడ్డు దిగవలసిన అవసరం ఎక్కడా రాదు. అయితే బ్రైస్‌కూ పేజ్‌కూ నడుమ పరుచుకుని ఉన్న గ్రాండ్ స్టెయిర్‌కేస్-ఎస్కలాంటె నేషనల్ మాన్యుమెంట్ అనే రక్షిత ప్రాంతం, దానికి తూర్పున క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్కు, ఇంకా అవతల కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు, ఈ మూడూ తమ లోపలి రూపాన్ని మట్టి రోడ్డు పట్టినవారికే చూపిస్తాయి. యాత్రలో ఒక్క రోజు మిగుల్చుకుని, ఆ రోజున ఒక్క మట్టి రోడ్డు మీద మాత్రమే వెళ్లగలిగినవారు దేన్ని ఎంచుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ రోడ్లను అందాన్ని బట్టి పోల్చి లాభం లేదు. ఫొటోల్లో అన్నీ బాగానే ఉంటాయి. పోల్చవలసింది చక్రం కింద ఉండే మట్టిని, నిన్నటి ఆకాశాన్ని, ఆ తరువాతే మన కారును.

మట్టి గురించి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఈ ప్రాంతంలో చాలాచోట్ల రోడ్డు బూడిదరంగు బంకమట్టి గుట్టల మీదుగా పోతుంది. ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న బురదలో అగ్నిపర్వతాల బూడిద కలిసి ఏర్పడిన పొరలవి. వాటిలో ఉండే బెంటొనైట్ నీరు తగలగానే ఉబ్బుతుంది, జారుతుంది, అంటుకుంటుంది. నల్లరేగడి చేలో వాన వెలిసిన మర్నాడు నడిచినవారికి దీన్ని ప్రత్యేకంగా వర్ణించి చెప్పనక్కరలేదు, ఎందుకంటే రెండింటినీ ఉబ్బించే ఖనిజాలు ఒకే కుటుంబానివి. ఎండినప్పుడు సిమెంటు గచ్చులా గట్టిగా ఉండే ఆ రోడ్డు తడిసిందంటే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా పనికిరాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుందన్న మాట నిజమే గాని, నాలుగు చక్రాలకూ పట్టు దొరకనప్పుడు ఆ బలం నాలుగింటినీ ఒకేసారి జారేలా చేస్తుంది, అంతే.

ఒక అక్టోబరులో నేను కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డును దక్షిణం వైపు నుంచి పట్టాను. వాన పడి రెండు రోజులైంది, పైన నిర్మలమైన ఆకాశం, మొదటి మైళ్లన్నీ పొడిగా ఉన్నాయి. ఒక గుట్ట నీడలో రోడ్డు కాస్త పల్లానికి దిగినచోట చక్రాల కింది కరకర చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దమే మొదటి హెచ్చరిక అని అప్పుడు తెలియలేదు. దిగి చూస్తే టైరు గాళ్లన్నీ బూడిదరంగు ముద్దతో పూడిపోయి, టైరు బోడిగుండులా నున్నగా ఉంది. చెప్పుకు అంటిన మట్టి అడుగు అడుగుకూ బరువెక్కుతూ ఇంచీ మందాన పేరుకుంది. ఎదర కనిపించే ఎత్తు యాభై గజాలు కూడా ఉండదు. అయినా నేను మెల్లగా రివర్సులో వెనక్కి వచ్చి, తిప్పుకుని, ఆ రోజుకు తారు రోడ్డుతోనే సరిపెట్టుకున్నాను. రెండు రోజుల ఎండ సరిపోతుందని వేసుకున్న లెక్క గుట్టల నీడను మరిచిపోయింది.

ఆ అనుభవం తరువాత నేను మొదటిసారి వెళ్లేవారికి ఇచ్చే సలహా ఒక్కటే: రోడ్డును ముందు ఎంచుకోకండి, బసను ఎంచుకోండి. స్టేట్ హైవే 12 మీద ఉన్న ఎస్కలాంటె అనే చిన్న ఊళ్లో రెండు రాత్రులు ఉండగలిగితే మూడు మట్టి రోడ్లు చేతికి అందే దూరంలో ఉంటాయి. పడమటి వైపు కానన్‌విల్ నుంచి కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు, ఊరికి ఐదు మైళ్ల దూరంలోనే హోల్-ఇన్-ద-రాక్ రోడ్డు, తూర్పు వైపు బౌల్డర్ అనే ఊరి నుంచి బర్ ట్రెయిల్. ఉదయం విజిటర్ సెంటర్ తలుపులు తీశాక, ఆనాటి పరిస్థితి తెలుసుకుని, ఈ మూడింట్లో ఏది కుదిరితే దానికి వెళ్లవచ్చు. ఆరు నెలల ముందు ఇంట్లో కూర్చుని వేసుకున్న ప్రణాళికకు కట్టుబడి బయలుదేరినవారే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

మూడింట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు. కానబ్‌కూ పేజ్‌కూ మధ్య యు.ఎస్. 89 నుంచి విడివడి, సుమారు 46 మైళ్లు ఉత్తరానికి సాగి కానన్‌విల్‌లో తేలుతుంది. ఉత్తరపు కొసన కోడాక్రోమ్ బేసిన్ స్టేట్ పార్కు మలుపు దాకా తారు వేసి ఉంది, మిగిలినదంతా మట్టే. ఈ రోడ్డు గొప్పతనం ఒక్క దృశ్యంలో లేదు. కాక్స్‌కోంబ్ అనే పొడవాటి రాతి మడత పక్కనే, దాదాపు దాన్ని ఒరుసుకుంటూ ప్రయాణిస్తాము. పడుకోబెట్టినట్టు ఉండవలసిన రాతి పొరలు ఇక్కడ వంగి, నిటారుగా లేచి, కోడిపుంజు జుట్టులా వరుసగా నిలబడి ఉంటాయి, పేరు కూడా అందుకే వచ్చింది. ఎడమ పక్క ఎర్రరాయి, కుడి పక్క పసుపు, తెలుపు, ఆ వెనక బూడిదరంగు. ఒక్కో పొర ఒక్కో రంగుది కావడం వల్ల మలుపు తిరిగినప్పుడల్లా రంగులు మారిపోతూ ఉంటాయి.

దారిలో ఆగి తీరవలసిన చోట్లు రెండు. కాటన్‌వుడ్ నారోస్ అనే ఇరుకు లోయలోకి రోడ్డు పక్క నుంచే దిగి, సుమారు ఒకటిన్నర మైలు లోయలో నడిచి, అవతలి కొసన మళ్లీ రోడ్డెక్కవచ్చు; తాళ్లూ నిచ్చెనలూ అవసరం లేని లోయ కాబట్టి నడవగలిగిన పిల్లలతోనూ వెళ్లవచ్చు. రెండవది గ్రోవ్‌నర్ ఆర్చ్. ప్రధాన రోడ్డు నుంచి సుమారు మైలు దూరం పక్కకు పోతే, నేల నుంచి 150 అడుగుల ఎత్తున లేత పసుపు రాయిలో జంట తోరణం కనిపిస్తుంది. 1940ల చివర్లో నేషనల్ జియోగ్రఫిక్ సొసైటీ తరఫున ఇక్కడికి వచ్చిన బృందం ఆ సంస్థ అధ్యక్షుడు గిల్బర్ట్ గ్రోవ్‌నర్ పేరు దీనికి పెట్టింది. పక్కనున్న బేసిన్‌కు కోడాక్రోమ్ అనే కెమెరా ఫిల్ము పేరు తగిలించినదీ ఆ సంస్థవారే. వేల ఏళ్లుగా ఇక్కడ మనుషులు తిరిగిన నేలకు చివరికి ఫిల్ము డబ్బా పేరు ఖాయం కావడం నాకు కాస్త వింతగానే తోస్తుంది.

ఎక్కడా ఆగకపోతే ఈ రోడ్డు దాటడానికి రెండు గంటలకు అటూ ఇటూగా పడుతుంది, ఆగుతూ వెళితే సగం రోజు. ఎండిన రోజున నేర్పుగా నడిపితే మామూలు కార్లు కూడా దాటిపోతుంటాయి, కాని వాగు అడ్డంగా కోసిన గాళ్లు ఎక్కడ ఉంటాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి నేల నుంచి ఎత్తుగా ఉండే బండి అయితేనే మనసు నిబ్బరంగా ఉంటుంది. మ్యాప్ యాప్‌లు పేజ్ నుంచి బ్రైస్‌కు ఇదే దగ్గర దారి అని చూపిస్తాయి. ఆ మాట నమ్మి సాయంత్రం పూట, పెట్రోలు అడుగంటిన కారుతో ఇందులోకి దిగకూడదు. ఇది దగ్గర దారి కాదు, ఇదే ఒక గమ్యం. దక్షిణపు కొసన ఉన్న బూడిదరంగు గుట్టల పరిస్థితి మీద అనుమానం ఉంటే ఉత్తరం నుంచి గ్రోవ్‌నర్ ఆర్చ్ దాకా వెళ్లి అదే దారిన తిరిగి రావడం మంచి రాజీ; అయితే అటువైపు కూడా రోడ్డు పొడిగా ఉంటేనే.

హోల్-ఇన్-ద-రాక్ రోడ్డు స్వభావం పూర్తిగా వేరు. ఇది సుమారు 60 మైళ్లు ఆగ్నేయంగా పోయి ఆగిపోతుంది. అవతలికి దారి లేదు, వెళ్లినంత దూరమూ వెనక్కి రావాలి. దారి పొడవునా నేల మీద అడ్డంగా చిన్న చిన్న గట్లు వరుస కట్టి ఉంటాయి, రేకుల కప్పు మీద బండి నడిపినట్టు ఉంటుంది. పది మైళ్ల వేగంతో పోతే పళ్లు కదులుతాయి, నలభైతో పోతే బండి తేలిపోయి మలుపులో పట్టు తప్పుతుంది, మధ్యలో ఎక్కడో ఆ రోజుకు, ఆ బండికి సరిపడే వేగం వెతుక్కోవాలి. కిటికీలోంచి చూసి ఆనందించే రోడ్డు కాదిది. కుడి పక్క స్ట్రెయిట్ క్లిఫ్స్ అనే కొండవరుస మనతో పాటే ఉంటుందిగాని, గంట సేపటికి దాని మీద ఆసక్తి సన్నగిల్లుతుంది.

మరి ఎందుకు వెళ్లడం అంటే, దిగి నడవడానికి. 12 మైళ్ల దగ్గర డెవిల్స్ గార్డెన్‌లో పుట్టగొడుగుల్లాంటి రాళ్ల మధ్య చిన్నపిల్లలు గంటల తరబడి ఆడుకోవచ్చు. 26 మైళ్ల దగ్గర నుంచి పక్కదారిలో వెళితే పీకాబూ, స్పూకీ అనే రెండు ఇరుకు లోయలున్నాయి. వాటిలో స్పూకీ కొన్నిచోట్ల అడుగు వెడల్పు కూడా ఉండదు, భుజానికి సంచి తగిలించుకుని దూరడం కుదరదు. ఒళ్లు కొంచెం భారీగా ఉన్నవారు, మూసుకుపోయిన చోట్లంటే భయపడేవారు పైనే ఆగిపోవడం మంచిది. చరిత్ర మీద మక్కువ ఉన్నవారు మరో పది మైళ్లు వెళ్లి డాన్స్ హాల్ రాక్ చూడవచ్చు. 1879లో సుమారు 250 మంది మోర్మన్ వలసదారులు 83 బండ్లతో శాన్ హువాన్ ప్రాంతానికి ఈ దారినే బయలుదేరారు. ఆరు వారాల్లో చేరతామనుకున్నది ఆరు నెలలు పట్టింది. కొలరాడో నదికి దిగే చోట కొండ అంచున ఉన్న, ఈ రోడ్డుకు పేరిచ్చిన చీలికను తొలిచి వెడల్పు చేసి, 1880 జనవరిలో బండ్లను ఒక్కొక్కటిగా కిందికి దింపారు. ఆ పని సాగుతున్న చలికాలంలోనే ఈ రాతిగుహ లాంటి బండ కింద ఫిడేలు వాయించుకుని నాట్యమాడారు. చీలిక దాకా వెళ్లాలంటే మాత్రం చివరి ఐదారు మైళ్లలో బండరాళ్ల మెట్లు ఎక్కగలిగిన నిజమైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి. లేనివారు డాన్స్ హాల్ రాక్ దగ్గర ఆగిపోతే కోల్పోయేది తక్కువే.

బర్ ట్రెయిల్‌ను చాలామంది తేలిక దారి అని చిన్నచూపు చూస్తారు. నాకు తెలిసినంతలో మొదటిసారి వెళ్లే కుటుంబాలలో ఎక్కువమందికి సరిపడేది ఇదే. జాన్ అట్లాంటిక్ బర్ అనే పశువుల కాపరి పేరు మీద ఏర్పడిన దారి ఇది. 1846లో ఓడ అట్లాంటిక్ సముద్రం దాటుతుండగా పుట్టినందుకు ఆయనకు ఆ పేరు. బౌల్డర్ నుంచి క్యాపిటల్ రీఫ్ సరిహద్దు దాకా సుమారు 30 మైళ్లు తారు వేసి ఉంది, ఆ భాగంలోనే లాంగ్ కాన్యన్ ఎర్రటి గోడల మధ్య నుంచి సాగుతుంది. సరిహద్దు దాటగానే మట్టి రోడ్డు మొదలై, కొన్ని మైళ్లకు వాటర్‌పాకెట్ ఫోల్డ్ అంచుకు వస్తుంది. దాదాపు వంద మైళ్ల పొడవున నేల మడత పడిన ఆ గోడను దిగడానికి అర మైలులోనే 800 అడుగుల లోతుకు హెయిర్‌పిన్ మలుపులు వేశారు. తిరుమల ఘాట్ ఎక్కి దిగినవారికి మలుపులు కొత్త కావు. కొత్తగా అనిపించేది పిట్టగోడ లేకపోవడం. దిగాక ఎడమకు నోటమ్ దారిన హైవే 24కి, కుడికి బుల్‌ఫ్రాగ్ వైపు లేక్ పావెల్‌కు పోవచ్చు. అయితే మలుపులు దిగి చూసి, మళ్లీ ఎక్కి బౌల్డర్‌కే తిరిగి రావడం కూడా నిండైన యాత్రే. ఆకాశం నమ్మకంగా లేని రోజున తారు ఆగినచోటే తిరిగి వచ్చినా లాంగ్ కాన్యన్ చూసిన తృప్తి మిగులుతుంది, ఈ వెసులుబాటు మిగిలిన రెండింటికీ లేదు. ట్రెయిలరు తగిలించిన బండ్లతో, లోపలే బస ఉండే పెద్ద ఆర్‌వీలతో ఆ మలుపుల జోలికి పోకూడదు.

ఈ మూడింటితో పాటు మ్యాప్‌లో మరికొన్ని పేర్లు ఊరిస్తాయి. ఎస్కలాంటె నుంచి బిగ్ వాటర్ దాకా 78 మైళ్లు పోయే స్మోకీ మౌంటెన్ రోడ్డును మొదటి యాత్రకు వదిలేయండి, ఇంతకన్నా చెప్పనక్కరలేదు. క్యాపిటల్ రీఫ్ ఉత్తర భాగంలో క్యాథెడ్రల్ వ్యాలీ లూప్ సుమారు 58 మైళ్లు. మొదట్లోనే వంతెన లేని చోట ఫ్రీమాంట్ నదిని బండితో దాటాలి. ఒంటరిగా నిలబడిన టెంపుల్ ఆఫ్ ద సన్, టెంపుల్ ఆఫ్ ద మూన్ అనే రాతి గోపురాలను చూశాక ఆ శ్రమ గుర్తుండదుగాని, అక్కడి గుట్టలన్నీ బెంటొనైటే అన్నది గుర్తుండాలి. కాన్యన్‌ల్యాండ్స్‌లో షేఫర్ ట్రెయిల్ పీఠభూమి అంచు నుంచి సుమారు 1,500 అడుగులు దిగుతుంది. పశువులను తోలిన బాటను 1950లలో యురేనియం లారీల కోసం వెడల్పు చేశారు. ఎదురుపడినప్పుడు ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది అక్కడి నియమం. అంచు వైపు వెనక్కి జరగవలసినది దిగేవారే కాబట్టి, రివర్సు చేయడంలో చెయ్యి తిరగనివారు పై నుంచి చూసి ఆనందించడం మేలు. అది కలిసే వైట్ రిమ్ రోడ్డు వంద మైళ్లు, పర్మిట్ తప్పనిసరి, రెండు మూడు రోజుల పని. ఆ యాత్రకు వెళ్లేవారికి ఈ వ్యాసం అవసరం లేదు. మాన్యుమెంట్ వ్యాలీ వైపు వెళ్లేవారికి మెక్సికన్ హ్యాట్ దగ్గర 17 మైళ్ల వ్యాలీ ఆఫ్ ద గాడ్స్ దారి, దాని పక్కనే సుమారు మూడు మైళ్ల మోకీ డగ్‌వే మలుపులు ఉన్నాయి. పూర్తి రోజు కేటాయించలేనివారికి రుచి చూపించడానికి ఇవి చాలు.

అద్దె కారు సంగతి చాలామంది చివరి నిమిషం దాకా పట్టించుకోరు. కౌంటరులో సంతకం పెట్టే ఒప్పందాలు చాలావాటిలో తారు లేని రోడ్డు మీద నడపకూడదన్న షరతు ఉంటుంది. దాన్ని మీరితే మీరు డబ్బు కట్టిన భీమా ఆ రోడ్డు మీద చెల్లకపోవచ్చు. ఎస్‌యూవీ ఇచ్చారు కదా అన్నది అనుమతి కిందకు రాదు. ఇక్కడి మారుమూల నుంచి బండిని లాగించుకోవాలంటే బిల్లు వెయ్యి డాలర్లు దాటడం మామూలు విషయం. మట్టి రోడ్లకే ఉద్దేశించిన జీపులను మోయాబ్ వంటి ఊళ్లలో రోజువారీ అద్దెకు ఇస్తారు. షేఫర్ లాంటి దారి మీద మనసుంటే ఆ ఒక్క రోజుకు అలాంటి బండి తీసుకోవడమే సరైన లెక్క. మరొక సంగతి, డిక్కీ కింద ఉన్నది పూర్తి సైజు స్టెప్నీయా, తాత్కాలికంగా వాడే సన్న చక్రమా, లేక పంక్చరు ద్రవం డబ్బా మాత్రమేనా అన్నది పార్కింగు దాటకముందే తెరిచి చూడాలి. సన్న చక్రంతో 26 మైళ్ల గతుకుల మీద వెనక్కి రావడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు.

కాలం విషయానికి వస్తే, ఏప్రిల్, మే నెలలూ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా ఉండే రోజులూ నెమ్మదైనవి. చలికాలంలో మంచు కరిగి మధ్యాహ్నానికి బురద అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఉరుముల వానలు వస్తాయి, అప్పుడు భయపడవలసింది మన మీద పడే వానకు కాదు, కనిపించని చోట పడే వానకు. 1997 ఆగస్టు 12న పేజ్ దగ్గరి ఆంటెలోప్ కాన్యన్‌లో 11 మంది వరదలో కొట్టుకుపోయి మరణించారు, ఆ వాన కురిసింది మైళ్ల దూరంలో. వాగు దాటవలసిన ప్రతి రోడ్డుకూ, ఇరుకు లోయలో నడిచే ప్రతి నడకకూ ఈ సంగతి వర్తిస్తుంది. ఆ నెలల్లో తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే తెల్లవారుజామునే బయలుదేరి, మబ్బులు గుమిగూడే వేళకు తారు మీద ఉండేలా చూసుకోవాలి.

ఒకవేళ బురదలో చిక్కుకుంటే చేయవలసిన పని ఆశ్చర్యంగా తోస్తుంది: ఏమీ చేయకుండా బండి దగ్గరే ఉండాలి. చక్రం తిప్పిన కొద్దీ అది లోతుకు దిగుతుంది. అదే మట్టిని ఎండకూ గాలికీ వదిలేస్తే ఎండి మళ్లీ గట్టిపడుతుంది, మర్నాటికో ఆ మర్నాటికో దానంతటదే దారి ఇస్తుంది. అందుకే మనిషికి రోజుకు కనీసం గాలన్ నీటి చొప్పున ఒక రోజుకు కాక మూడు రోజులకు సరిపడా నీళ్లు, వండనక్కరలేని తిండి, చలిగుడ్డలు వేసుకుని వెళ్లాలి. ఫోను సిగ్నలు ఈ రోడ్ల మీద దాదాపు ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి, ఏ దారిన వెళుతున్నారో ఎప్పటికి తిరిగి వస్తారో ఊళ్లో ఉన్న ఒకరికి చెప్పి పెట్టాలి. అలా చెప్పేటప్పుడు చిన్న తిరకాసు ఒకటుంది. అరిజోనాలో ఉన్న పేజ్ వేసవిలో గడియారం మార్చుకోదు, యూటా మార్చుకుంటుంది. సరిహద్దు దగ్గర ఫోను ఏ టవరును పట్టుకుంటే ఆ సమయం చూపిస్తుంది. ఐదింటికి వస్తాం అంటే ఎవరి ఐదు అన్నది కూడా చెప్పాలి.

ఇక ఆ ఉదయం విజిటర్ సెంటర్‌లో అడగవలసిన ప్రశ్న. రోడ్డు తెరిచి ఉందా అని అడిగితే తెరిచే ఉందనే జవాబు రావచ్చు, ఎందుకంటే చాలా రోడ్లకు మూయడానికి గేటు ఉండదు. దానికి బదులు, ఆఖరి వాన తరువాత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరైనా వెళ్లి వచ్చారా, వచ్చింది ఏ బండి అని అడగండి. నిన్న మామూలు కారు వచ్చిందంటే కాటన్‌వుడ్‌కు బయలుదేరండి. ఎత్తయిన ట్రక్కు మాత్రమే వచ్చిందంటే, అలాంటి బండి మీ దగ్గర లేకపోతే, బర్ ట్రెయిల్ వైపు తిరగండి. ఎవరూ రాలేదంటే హైవే 12 మీదే ఎస్కలాంటె నుంచి బౌల్డర్ దాకా వెళ్లండి. రెండు పక్కలా లోయలు పడిపోయే సన్నటి కొండ వెన్ను మీద తారు వేసిన ఆ దారిలో వానరోజున కూడా చక్రానికి పట్టు దొరుకుతుంది.